అరువు కుర్చీలు

సాయంత్రం గంట మోగగానే గింజల షెడ్డులో ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా లేస్తారు. మోకాళ్ళు టపటపమంటాయి, ఎవరో అమ్మా అంటారు, ఇంకెవరో ఒళ్ళు విరుచుకుంటారు, ఒడిలోని పొట్టు దులుపుకుని చెప్పులు వెతుక్కుంటారు. లేవనిది ఒక్క మనిషే. ఆమె మేస్త్రమ్మకు స్వయానా తోడికోడలు, చిన్నది కాబట్టి మేస్త్రమ్మ ఆమెను చెల్లీ అనే పిలుస్తుంది. అందరూ లేచే వేళకు ఆమెకు నేలమీద రాలిన గింజలు గుర్తొస్తాయి. ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేస్తూ, "మీరు పదండి, నేనొస్తా" అంటుంది. ఎంత ఒబ్బిడి మనిషో అని కొత్తగా చేరినవాళ్ళు మెచ్చుకుంటారు.

మేస్త్రమ్మకు కూడా సరిగ్గా ఆ వేళకే తాళంచెవి కనబడకుండా పోతుంది. నడుముకు వేలాడుతున్న తాళంచెవిని ఆమె షెడ్డంతా వెతుకుతుంది. చివరి మనిషి గేటు దాటాక వెళ్ళి తోడికోడలి వెనక నిలబడి, చంకల కింద చేతులు వేస్తుంది. చెల్లి ముందు ఒక పక్కకు ఒరుగుతుంది. రెండు అరచేతులూ నేలకు ఆనించి, మోకాళ్ళ మీదికి వచ్చి, పక్కనున్న స్తంభం పట్టుకుని పళ్ళు బిగించి లేస్తుంది. లేచాక కూడా కాసేపు స్తంభాన్ని వదలదు. ఈ సంగతి గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తలుపు వేసి, తాళం పెట్టి, ఇంటికి పోయి పొయ్యి వెలిగిస్తారు.

అది కాఫీ గింజలు ఏరే షెడ్డు. చుట్టుపక్కల చిన్న తోటలవాళ్ళు ఎండబెట్టి పొట్టు తీయించి తెచ్చిన గింజల్ని పరదాల మీద కుప్పలు పోస్తారు. ఆడవాళ్ళు కుప్ప చుట్టూ జానెడు ఎత్తు పీటల మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, ముందుకు వంగి నల్లవీ విరిగినవీ పురుగు తొలిచినవీ ఏరి పారేస్తారు. పొద్దున వంచిన నడుము మధ్యాహ్నం తిండికి ఒకసారి ఎత్తుతారు, మళ్ళీ సాయంత్రం గంటకే. మేస్త్రమ్మ మాత్రం కూర్చోదు. కుప్ప నుంచి కుప్పకు తిరుగుతూ, ఎవరి గింజ ఎలా ఉందో చూస్తూ, అవసరమైతే అరుస్తూ, పొద్దస్తమానం కాళ్ళమీదే ఉంటుంది. ఆమె మేస్త్రమ్మ అయింది చేతి చలవ వల్ల కాదు, గొంతు చలవ వల్లనే అని గిట్టనివాళ్ళు అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఒకప్పుడు ఈ షెడ్డు ఒక షావుకారుది. అతని కాటా అతని మాటే వినేది. తోటలవాళ్ళూ ఏరేవాళ్ళూ కలిసి సంఘం కట్టి, షెడ్డు కొనుక్కుని, 'న్యాయమైన వ్యాపారం' అనే ముద్ర సంపాదించుకున్నాక చాలా మారింది. లేదంటే కళ్ళు పోతాయి. బజారులో ధర పాతాళానికి పోయినా ఒక హద్దుకంటే తగ్గించి కొనబోమని దూరదేశపు కొనుగోలుదార్లు ఒప్పుకున్నారు. కాటా నిజం చెప్పడం మొదలెట్టింది. లోపలినుంచి గడియ పడే మరుగుదొడ్డి వచ్చింది, తాగడానికి కుళాయి వచ్చింది. ధర మీద ఏటా కొంత అదనపు సొమ్ము కూడా వస్తుంది. దాంతో ఏం చేసుకోవాలో పనివాళ్ళే చేతులెత్తి తేల్చుకోవాలి. కాకపోతే ఆ అవసరం నిజమేనని ముద్రవాళ్ళ మనిషి వచ్చి కళ్ళారా చూసి రాయాలి.

ఈ ఏడు చేతులన్నీ ఒక్కదానికే లేచాయి. నడుమెత్తు బల్లలు, వీపు ఆనే కుర్చీలు. షెడ్డులో అందరికంటే పెద్దది, ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతుందని గొణుగుడవ్వ అని పేరు పడ్డ మనిషి, ఏకంగా రెండు చేతులూ ఎత్తింది. సంఘం గుమాస్తా ఒక చేయి దించమన్నాడు. "ఒకటి నాకు, ఒకటి నా నడుముకి" అంది అవ్వ.

ఆ చేతుల్లో అన్నిటికంటే ఆలస్యంగా లేచింది చెల్లిది. తన కోసమే అడుగుతున్నట్టు కనబడుతుందేమోనని ఆమె భయం. మేస్త్రమ్మకు మాత్రం ఈ కుర్చీలు చెల్లి కోసమే. మరిది ఎక్కడో రోడ్ల పనికి పోయి, గుర్తొచ్చినప్పుడు ఇంటికొచ్చే రకం. ఇద్దరు ఆడపిల్లల చదువూ తిండీ చెల్లి ఏరే గింజల మీదే నడుస్తున్నాయి. తన వంతు బస్తా ఏరలేకపోయినవాళ్ళు గేటు బయట ఎదురుచూసేవాళ్ళకు చోటివ్వాలన్నది సంఘం నియమం. అది కూడా చేతులెత్తి న్యాయంగా పెట్టుకున్నదే. చెల్లి నడుము ఈ కోతకాలం దాకా పీట మీద ఆగుతుందా అన్నది మేస్త్రమ్మకు నిద్రపట్టనివ్వని సంగతి.

"రేపు ముద్రమ్మ వస్తోంది" అని గుమాస్తా కబురు చెప్పాడు. చూసిపోవడానికి రాజధాని నుంచి వచ్చే అధికారిణికి షెడ్డులో పెట్టుకున్న పేరు అది.

ఆ కబురు వినగానే మేస్త్రమ్మ షెడ్డును కొత్త కళ్ళతో చూసింది. చిరుగుల పరదాలు. కూర్చుని కూర్చుని నున్నబడ్డ పీటలు. ఒక పీటకు కాలు విరిగితే ఇటుక పెట్టారు. పోయినసారి వచ్చినప్పుడు ముద్రమ్మ అంతసేపూ నిలబడే మాట్లాడింది. ఆ సిగ్గు మేస్త్రమ్మకు ఇంకా పోలేదు.

"అంత దూరం నుంచి వచ్చే మనిషిని నిలబెడతామా?" అంది.

"నా కుర్చీ తెస్తా" అన్నాడు గుమాస్తా.

"ఆవిడ కుర్చీలో కూర్చుంటే మేమంతా ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చోవాలా? చూడ్డానికి బాగుంటుందా?"

బాగుండదని అందరూ ఒప్పుకున్నారు. అక్కడితో ఇక ఆగలేదు. బడి నుంచి కుర్చీలొచ్చాయి. మంగలి తన తిరిగే కుర్చీని తనే మోసుకొచ్చాడు. పళ్ళ డాక్టరు వాకిట్లో రోగులు కూర్చునే బల్ల వచ్చింది, దర్జీ స్టూలు వచ్చింది, ఫోటోలు తీసే కొట్టు నుంచి చెక్కుడు పని చేసిన సింహాసనం లాంటిది ఒకటి వచ్చింది. దాన్ని గొణుగుడవ్వ ఆక్రమించుకుంది. ఇళ్ళ తలుపులు ఊడదీసి, బస్తాల మీద పరిచి బల్లలు చేశారు. చిరుగుల పరదాలూ పీటలూ వెనక గదిలోకి పోయాయి. మేస్త్రమ్మ దగ్గరుండి తలుపు వేయించింది.

ముద్రమ్మ మంచి మనిషి. చెప్పుల నిండా దుమ్ముతో వచ్చింది, ఇలాంటి షెడ్లు తిరిగి తిరిగి కళ్ళ కింద నలుపు పడింది. అందరూ కుర్చీల్లో కూర్చుని గింజలు ఏరుతుంటే చూసి మనసారా సంతోషించింది. "ఎంత చక్కగా పెట్టుకున్నారు" అంది. మేస్త్రమ్మ మొహం చాటంతయింది. ముద్రమ్మ ఏదో రాసుకుంది. ఇచ్చిన కాఫీ తాగి, గింజ వాసన బాగుందని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గంట మోగినప్పుడు మేస్త్రమ్మ అలవాటుకొద్దీ తాళంచెవి వెతకడం మొదలెట్టింది. తలెత్తి చూస్తే చెల్లి అందరితో పాటే లేచి నిలబడి ఉంది. బడి కుర్చీ వీపు పట్టుకుని, ఒక్క గింజ కూడా ఏరకుండా లేచింది. "తాళంచెవి నీ నడుముకే ఉందక్కా" అని నవ్వింది. చెల్లి అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. మేస్త్రమ్మకు గుండె నిండినట్టయింది. తర్వాత అందరూ కుర్చీలు నెత్తిన పెట్టుకుని ఎవరివి వాళ్ళకు ఇచ్చేసి వచ్చారు.

కొన్ని వారాలకు గుమాస్తా వచ్చి షెడ్డు మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"కుర్చీలకు సొమ్ము వాడకూడదంట."

"ఎందుకని?"

"ఆవిడ కుర్చీలున్నాయని రాసింది. కూర్చునే ఏర్పాట్లు బాగున్నాయని మెచ్చుకుంది కూడా. ఉన్నవాటికి మళ్ళీ సొమ్మెందుకు?"

కుప్పల్లో చేతులు ఆగిపోయాయి. విషయం అందరి తలకూ ఒకేసారి ఎక్కలేదు. ఎక్కినవాళ్ళు పక్కవాళ్ళ వైపు చూశారు.

"నన్నొక మాట అడిగుంటే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు గుమాస్తా.

"నీ ఆఫీసు కుర్చీ మోసుకొచ్చేటప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు?" అని గొణిగింది అవ్వ. ఆమె గొణుగుడు ఎప్పుడూ గేటు దాకా వినబడుతుంది.

కుర్చీలు తెప్పించిందెవరో అందరికీ తెలుసు. ఎవరూ మేస్త్రమ్మను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం చంకల కింద చేతులు వేసి లేపుతుంటే చెల్లి, "పోనీలే అక్కా, ఒక్క రోజన్నా కూర్చున్నాం కదా" అంది. ఓదార్చడానికే అంది. ఇంటిదాకా మేస్త్రమ్మ ఆమె మొహం చూడలేకపోయింది.

కోత ముదిరింది. బస్తాలు వాకిట్లో గుట్టలు పడ్డాయి. చెల్లి బస్తా సాయంత్రానికి నిండడం లేదు. పక్కన కూర్చున్నవాళ్ళు తాము ఏరిన గింజల్ని దోసెడు దోసెడు ఆమె వైపు తోస్తున్నారు. గుమాస్తా కొన్నాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. చివరికి మేస్త్రమ్మను పక్కకు పిలిచి, గేటు వైపు కళ్ళతో చూపించాడు. అక్కడ చోటు కోసం వచ్చిన ఆడవాళ్ళు ఎండలో నిలబడి ఉన్నారు. వాళ్ళకూ పిల్లలున్నారు. అతని మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే ఆమెకు ఒళ్ళు మండించింది.

"ముద్రమ్మను మళ్ళీ రమ్మని చెప్పు" అంది.

"ఆవిడకు మనదొక్కటే షెడ్డా?"

"రమ్మని చెప్పు. నువ్వు చెప్పేదాకా నీ గది ముందు కూర్చుంటా. కుర్చీ కూడా అక్కర్లేదు."

గుమాస్తా ఆ వారమంతా ఫోన్లు చేశాడు. ఎలాగైతేనేం, ఆవిడ అటువైపు ఇంకెక్కడికో వెళుతూ ఒక పూట ఆగుతానంది.

ముందురోజు మేస్త్రమ్మ అందర్నీ కూర్చోబెట్టి కచ్చితంగా చెప్పింది. ఒక్క కుర్చీ కూడా రాకూడదు. పరదాలు చిరుగులతోనే ఉండాలి. ఇటుక పెట్టిన పీట ముందు వరసలోనే ఉండాలి. వచ్చిన మనిషి నిలబడాలా అని వాళ్ళ మొహాలే అడిగాయి. పొద్దున్నే మంగలి ఎవరూ పిలవకుండానే తిరిగే కుర్చీ నెత్తిన పెట్టుకుని వచ్చాడు. "ఆవిడ ఒక్కదానికైనా" అన్నాడు. మేస్త్రమ్మ గేటుకు అడ్డంగా నిలబడి అతన్ని వెనక్కి పంపింది. జీవితంలో ఇంత మర్యాద తప్పిన పని తానెప్పుడూ చేయలేదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

ముద్రమ్మ వచ్చి గుమ్మంలో ఆగింది. "కుర్చీలేవి?"

"అవి మావి కాదమ్మా. అరువు తెచ్చాం."

"ఎందుకు?"

మేస్త్రమ్మ దీనికి జవాబు ఎన్నోసార్లు మనసులో కట్టుకుంది. తీరా చూస్తే నోట్లో ఒక్క ముక్కే మిగిలింది. "మీరొస్తున్నారని."

ముద్రమ్మ కూర్చోవడానికి చోటు కోసం చుట్టూ చూసి, లేదని గుర్తొచ్చి, గోడకు ఆనుకుంది. "ఇంతకు ముందు ఉన్నాయని చూపించారు, ఇప్పుడు లేవని చూపిస్తున్నారు. ఏది నిజమని రాయమంటారు? కుర్చీలు దాచిపెట్టి లేవని చెప్పినవాళ్ళను కూడా చూశానమ్మా నేను." ఆ గొంతులో కోపం లేదు. బాగా అలసిపోయిన మనిషి మాట అది.

తర్వాత ఆవిడ స్తంభం పక్కనున్న మనిషి దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుంది. అందరిలో మెత్తగా కనబడ్డ మొహం అదే కాబట్టి కాబోలు, ఆవిడ ఎంచుకున్నది చెల్లినే. "ఇలా పీట మీద పని చేస్తుంటే ఇబ్బందిగా ఉందా?"

చెల్లి నవ్వింది. "ఇబ్బందేముందమ్మా, అలవాటే కదా. హాయిగానే ఉంది."

ఆమె అబద్ధం చెప్పాలని చెప్పలేదు. గుమ్మంలోకి వచ్చిన మనిషి బాగున్నారా అంటే బాగున్నామనే అంటారు. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా అదే అంటారు. అలా అనకూడదని మేస్త్రమ్మ ముందురోజు అందరికీ చెప్పింది, చెల్లికి మాత్రం విడిగా చెప్పలేదు. చెబితే ఆ సాయంత్రాల సంగతి నోటితో అనవలసి వస్తుంది.

ముద్రమ్మ పుస్తకం తెరిచింది.

"లే" అంది మేస్త్రమ్మ.

"ఏంటక్కా?"

"లేచి చూపించు."

చెల్లి మొహంలో నవ్వు ఆగిపోయింది. చేయి దానంతటదే నేలమీది గింజల వైపు పోయింది. "ఈ రాలినవి..." అంది.

"గింజలు తర్వాత. లే."

చెల్లి అక్క మొహంలోకి చూసింది. ఇంత కాలం తాళంచెవి వెతికిన మనిషేనా ఈమె అన్నట్టు చూసింది. తర్వాత ఒక పక్కకు ఒరిగింది. అరచేతులు నేలకు ఆనించింది. మోకాళ్ళ మీదికి రాబోతే నడుము పట్టేసి అలాగే ఆగిపోయింది, తల వేలాడేసి, నోటితో ఊపిరి తీస్తూ. మేస్త్రమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకుంది. వదిలితే అవి చంకల కిందికి పోతాయని ఆమెకు తెలుసు. చెల్లి స్తంభం అందుకోబోయి జారి, మళ్ళీ పీట మీద కూలబడింది. ముద్రమ్మ చేయి చాచింది.

"వద్దమ్మా" అంది మేస్త్రమ్మ. "చూడండి."

రెండోసారికి స్తంభం అందింది. చెల్లి లేచి నిలబడింది. చెంపలు తడిసి ఉన్నాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. ఆడవాళ్ళంతా తలలు వంచుకుని గింజల్లోకి చూస్తున్నారు, ఎవరి వేళ్ళూ కదలడం లేదు.

"చాలు" అంది ముద్రమ్మ. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం నుంచి చెల్లి మేస్త్రమ్మతో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. అన్నీ పిల్లల నోటి మీదుగానే నడిచాయి. "మీ పెద్దమ్మను తినమని చెప్పు" అని పక్కనే ఉన్న పెద్దమ్మకు వినబడేలా అనేది. పెద్దమ్మ కూడా పిల్లతోనే, "మీ అమ్మను ముందు తినమను" అనేది. పిల్ల ఇద్దరి మధ్యా విసిగిపోయి పళ్ళెం అక్కడే పెట్టి పోయేది. షెడ్డులో ఇక దాచడానికేమీ లేదు కాబట్టి చెల్లి గంట మోగగానే అందరి ముందే లేవడం మొదలెట్టింది. ఎవరు దగ్గరుంటే వాళ్ళు చేయిచ్చేవాళ్ళు. మేస్త్రమ్మ చేయి మాత్రం ఆమె పట్టుకోలేదు. తాను చేసింది తప్పు కాదని మేస్త్రమ్మకు తెలుసు. తెలిసినా ఏ రాత్రీ తృప్తిగా కన్ను మూతపడలేదు.

కుర్చీలకు సొమ్ము వాడుకోవచ్చని కబురొచ్చింది, కోత అయిపోకముందే లారీ వచ్చింది. బల్లలు దిగాయి, కుర్చీలు దిగాయి. వాటి వీపు మీద ముద్ర అంటించి ఉంది. ప్లాస్టిక్ తొడుగులు తీయడానికి ఎవరికీ మనసొప్పలేదు. గొణుగుడవ్వ ఫోటో కొట్టు కుర్చీయే బాగుందని వంక పెట్టి, అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంది. చెల్లి స్తంభం పక్కన తన కుర్చీ వేసుకుంది. వారం తిరక్కుండానే ఆమె బస్తా ఆమె చేతులతోనే నిండడం మొదలైంది. గుమాస్తా గేటు వైపు చూడడం మానేశాడు.

అలాంటి ఒక సాయంత్రం గంట మోగింది. అందరూ లేచారు, చెల్లి కూడా లేచింది. ఎవరి చేయీ పట్టుకోకుండా, పక్కవాళ్ళతో ఏదో మాట్లాడుకుంటూ గేటు దాటిపోయింది. మేస్త్రమ్మ చేయి నడుము దగ్గరికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది, వెతకవలసిన పని లేదు. ఆమె ఖాళీ షెడ్డులో ఒకసారి చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, చెల్లి కుర్చీలో కూర్చుంది.

మేస్త్రికి కుర్చీ రాలేదు. తిరిగే మనిషికి కుర్చీ కావాలని ఎవరికీ తోచలేదు, అడగాలని ఆమెకూ తట్టలేదు. వీపు వెనక్కి ఆనించగానే పాదాల నుంచి తుంటి దాకా ఇన్నేళ్ళ నిలువుకాళ్ళ సలుపు ఒక్కసారిగా పైకి వచ్చింది. చెల్లి ఇకమీదట ఇంటికి ఒక్కతే నడవగలదు. తను కోరుకున్నది అదే. కోరుకున్నది దొరికాక ఇంత దిగులుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆమె అలాగే కూర్చుండిపోయింది.

"తాళంచెవి ఇంకా దొరకలేదా?"

చెల్లి గుమ్మంలో నిలబడి ఉంది. మధ్యలో పిల్లలెవరూ లేరు, ఆ మాట తనకే.

"నడుముకే ఉంది" అంది మేస్త్రమ్మ.

"మరి లే."

"లేస్తున్నా." లేవబోయింది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. బల్ల అంచు పట్టుకుంది.

చెల్లి లోపలికి రాలేదు. తలుపు చెక్కకు భుజం ఆనించి అక్కనే చూసింది. "లేచి చూపించక్కా" అంది.

మేస్త్రమ్మ రెండు అరచేతులూ బల్లకు ఆనించి లేవబోయి, మళ్ళీ కుర్చీలో కూలబడింది. చెల్లి గుమ్మంలోనే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, మొత్తం చూసింది. రెండోసారి కూలబడ్డాక లోపలికి వచ్చింది.